మారెక్క మార్చిన తేదీ

మంగళవారం పొద్దున జయంతి ఇంకా భుజం మీది బ్యాగు దించనే లేదు, అభిలాష్ తీర్పు చెప్పేశాడు.

“తప్పు మనది కాదు. చిన్నబండపల్లిలో నీళ్లు వదిలే ఆమె టాబ్లెట్‌లో తేదీ మార్చింది. ఇదిగో, ఫోటో తీసి పంపినారు. ఈరోజు తేదీ ఎంత, దాంట్లో ఉండేది ఎంత?”

జయంతి వంగి చూసింది. టాబ్లెట్ తేదీ ఒకరోజు వెనకబడి ఉంది. దాని కింద ఎర్రపట్టీలో ‘సురక్షిత కనెక్షన్ కుదరలేదు’ అని ఉంది.

చిన్నబండపల్లి బుక్కరాయసముద్రం దాటాక వస్తుంది. ఊళ్లో బోరు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి సంఘం పెట్టుకుని, బోర్లన్నిటినీ ఒకే పైపులైనుకు కలిపి, నీళ్లను వంతులేసుకుని వాడుకుంటున్నారు. ఆ వంతులు నడిపే నీరుగంటి మారెక్క. ఆమె టాబ్లెట్ మీద ఒక పొలం పేరు నొక్కితే ఆ మాట సర్వరుకు పోతుంది, సర్వరు ఆ పొలం గట్టున ఉన్న వాల్వు తెరుస్తుంది. వంతు అయ్యాక మూయడమూ అంతే. ఈ ఏర్పాటు చేసింది అభిలాష్ కంపెనీ. కంపెనీ అంటే అద్దాల మేడేమీ కాదు, అనంతపురంలో ఒక మందుల షాపు మేడమీద రెండు గదులు, ఒక బాత్రూము.

ఆదివారం నుంచి టాబ్లెట్‌కూ సర్వరుకూ మాటల్లేవు. ఒక్క పొలానికీ నీళ్లు పోలేదు. శ్రావణమంతా చినుకు రాలలేదు. వేరుశనగ ఊడలు దిగే అదను ఇది. ఇప్పుడు ఒక్క తడి పడకపోతే చెట్టు బతికినా కాయ పట్టదు.

“గురువారం సంఘం మీటింగంట,” అన్నాడు అభిలాష్. “అధ్యక్షుడు ఎర్రన్న ఫోన్ చేసినాడు. ఆమెను తీసేస్తారు. ఆమె మీద పాత కంప్లైంటు ఉండనే ఉంది కదా, చివరి పొలాలకు వంతు పూర్తి కాకముందే వాల్వు మూసేస్తుందని. మన సర్వర్ రికార్డులో కూడా అట్లే ఉంది. నువ్వు రేపు పోయి తేదీ సరిచేసి, కారణం ఇదీ అని రెండు ముక్కలు చెప్పి రా.”

ఒక మనిషి పని ఊడబెరకడానికి రెండు ముక్కలు చాలునన్నమాట. జయంతికి ఒళ్లు మండింది కానీ పైకి మాత్రం, “ఒక్కరోజు తేడాకు ఆగిపోదు సార్,” అంది.

ఆగిపోదని ఆమెకు తెలుసు. సర్టిఫికెట్ అంటే సర్వరు మెడలో వేసుకున్న గుర్తింపు కార్డు లాంటిది. అది ఎప్పటినుంచి ఎప్పటిదాకా చెల్లుతుందో దానిమీదే రాసి ఉంటుంది. టాబ్లెట్ తన దగ్గరున్న తేదీతో దాన్ని పోల్చుకుని, సరిపోతేనే మాట కలుపుతుంది. ఆషాఢంలోనే జయంతి స్వయంగా కొత్త కార్డు తెచ్చి సర్వరుకు తగిలించింది. అది వచ్చే ఏడాది దాకా చెల్లుతుంది. తేదీ ఒకరోజు వెనక్కి పోయినా దాని హద్దుల్లోనే ఉంటుంది.

“నా మిషన్‌లో బాగా పనిచేస్తాంది,” అన్నాడు అభిలాష్ తన కంప్యూటర్ చూపిస్తూ, అదేదో పెద్ద సాక్ష్యమైనట్టు.

ఆ మాట విన్నాకే ఆమెకు అనుమానం వచ్చింది. అతని మిషన్‌లో పనిచేసేది ఊళ్లోని టాబ్లెట్‌లో ఎందుకు చేయదు? కుర్చీ లాక్కుని కూర్చుంది. ప్రోగ్రాం ఇతరులు రాసిపెట్టిన ఏ ఏ లైబ్రరీల మీద ఆధారపడి ఉందో, ఆ లైబ్రరీలు మళ్లీ వేటిమీద ఆధారపడ్డాయో చెట్టు కొమ్మల మాదిరి స్క్రీన్ మీద పరిచి పెట్టుకుంది. పైనుంచి కిందికి వేలితో ఒక్కో కొమ్మా పట్టుకుని దిగింది. సర్వరుతో మాట్లాడే లైబ్రరీ రెండు చోట్ల కనబడింది. ఒకటి పాత వెర్షన్, ఒకటి కొత్తది. పాతదాంట్లో లొసుగు ఉందని పోయిన వారం తనే కొత్తది పెట్టింది. శనివారం సాయంత్రం ఊళ్లోని టాబ్లెట్‌కు అప్‌డేట్ పంపింది కూడా తనే. అభిలాష్ మిషన్ మాత్రం ఇంకా పాతదాన్నే పట్టుకుని వేలాడుతోంది. అన్ని మిషన్లలోనూ ఒకే వెర్షన్ ఉండేలా కట్టిపడేసే ఫైలును అతను ఎప్పుడో ‘గొడవెందుకు’ అని తీసి పారేశాడు.

పాతదానికీ కొత్తదానికీ తేడా ఎక్కడుందో వెతుక్కుంటూ పోతే మధ్యాహ్నం భోజనాల వేళకు ఒక లైను దొరికింది. సర్టిఫికెట్‌ను పరీక్షించొద్దని చెప్పే లైను. పాత లైబ్రరీ ఆ మాట వింటుంది. కొత్తది వినదు, దాని పద్ధతి ప్రకారం కార్డు చూడందే గుమ్మం దాటనివ్వదు.

“ఇది ఎవరు పెట్టినారు సార్?”

అభిలాష్ సాంబారన్నం కలుపుకుంటూ తొంగి చూశాడు. “నేనే. పోయినేడు ఎర్రన్న వాళ్లింటి నెట్‌కు మార్చినప్పుడు ఇట్లే ఎర్రర్ వచ్చింది. పని ఆగిపోతాంటే ఆ లైను పెట్టినా, సద్దుమణిగింది. మళ్లీ అట్ల చేసి పంపు, అయిపోతాది.”

“అట్ల చేస్తే అవతల ఎవరు పలికినా సర్వరే అనుకుంటాది సార్.”

“ఏమప్పా, అదేమన్నా బ్యాంకా? ఆ ఊళ్లో నీళ్లు తప్ప దోచుకునేదానికి ఏముండాది?”

అనంతపురంలో పుట్టి పెరిగినవాడు అనదగ్గ మాట కాదది. జయంతి లేచి చేతులు కడుక్కోవడానికి పోయింది.

*

బుధవారం ఆమె బస్సు దిగి ఎర్రమట్టి దారిన నడుస్తుంటే రెండువైపులా వేరుశనగ ఆకులు పొద్దున్నే ముడుచుకుపోయి కనిపించాయి. మోటారు షెడ్డు ఊరి చివర బండల పక్కన ఉంది. మారెక్క షెడ్డు గడప మీద కూర్చుని, టాబ్లెట్‌ను చీర కొంగుతో తుడుస్తోంది. తుడిస్తే ఎర్రపట్టీ పోతుందనుకుందేమో పాపం. నలభై దాటిన మనిషి, ఎముకలు గట్టివి, కళ్లు మాత్రం నిద్రలేక లోపలికి పోయి ఉన్నాయి.

“నువ్వేనా పాపా ఆఫీసు నుంచి వచ్చింది? నన్ను తీసేసేదానికి కదా?”

“తీసేసేదానికి నేనెవరక్కా? మిషన్‌కు ఏమైందో సూసేదానికి వచ్చినా. తేదీ నువ్వే మార్చినావా?”

మారెక్క దాచలేదు. “మార్చినా. ఆదివారం అమావాస్య కదా. అమావాస్య నాడు తన వంతు రాయద్దంటాడు ఒకడు, ఆ పొద్దు తడి మొదలుపెడితే పంటకు కీడంటాడు ఇంకొకడు. నీళ్లు మాత్రం ఆ పొద్దే కావాల అందరికీ. అందుకని ప్రతి అమావాస్యకూ తేదీ ఒకరోజు ఎనక్కి పెడతా, మర్నాడు ముందుకు జరుపుతా. ఎర్రన్న ఇంటోళ్లు కూడా అట్లే రాయమంటారు. ఈసారి ఎర్రగా వచ్చేసరికి భయపడి మళ్లీ ముట్టుకోలేదు.”

జయంతికి నవ్వొచ్చింది. పంచాంగాన్నీ పైపులైనునూ ఇంత శుభ్రంగా రాజీపరచిన మనిషిని ఆమె చూడలేదు. నవ్వుతూనే టాబ్లెట్ అందుకుని తేదీ సరిచేసింది. ప్రోగ్రాం మూసి తెరిచింది.

ఎర్రపట్టీ అట్లాగే ఉంది.

అప్పుడే గురప్ప వచ్చాడు. పైపులైను చివర అతని చేను ఉంది, ఎకరన్నర. నాలుగు రోజులుగా నీళ్లు లేక మనిషి కూడా చేను మాదిరే వాడిపోయాడు.

“ఇంకా కాలేదా? ఏమ్మా, నువ్వు ఆఫీసు మనిషివా? దీన్ని ముందు ఆడ నుంచి లేపు. ఏడాదిగా నా వంతు కోసుకు తింటాంది. వాల్వు సగంలో మూసేది, అడిగితే టాబ్లెట్ సూపిచ్చి పూర్తిగా ఇచ్చినా అనేది. మీ రికార్డులో దొంగతనం బయటపడింది కదా!”

“గురప్పా, నా బిడ్డల మీద ఒట్టు...” అని మారెక్క ఏదో అనబోయింది. గురప్ప ఉమ్మేసి చేను వైపు వెళ్లిపోయాడు. మారెక్క తలొంచుకుని షెడ్డు గోడ పెళ్లలు గోటితో గీరుతూ కూర్చుంది. జయంతికి ఆమె ముఖం చూడబుద్ధి కాలేదు.

తేదీ మీద నింద వేశారు కాబట్టి తేదీనే చివరిదాకా చూడాలనుకుంది. అవతల పలికే సర్టిఫికెట్ ఏనాటి నుంచి మొదలైందో చూస్తే, మారెక్క పెట్టిన తేదీ దానికి ముందుదో తరువాతదో తేలిపోతుంది. ఎర్రపట్టీ మీద వేలు నొక్కి పట్టుకుంది. వివరాలు తెరుచుకున్నాయి.

మొదలైన తేదీ ఆషాఢంలోది కాదు. పోయినేటిది. చెల్లుబాటు పదేళ్లు. ఏ సంస్థా పదేళ్లకు ఇవ్వదు. ఎవరు ఇచ్చారన్న చోట చూస్తే, తనకు తానే ఇచ్చుకున్నట్టుంది.

ఇది ఆమె తెచ్చిన కార్డు కాదు. పలుకుతున్నది వాళ్ల సర్వరే కాదు.

ఆమె టాబ్లెట్‌ను ఎర్రన్న ఇంటి నెట్ నుంచి తప్పించి, పక్కనున్న బండ మీదికి ఎక్కి, తన ఫోన్ నుంచి నెట్ ఇచ్చింది. చక్రం కాసేపు తిరిగింది. ఎర్రపట్టీ పోయి పొలాల పేర్లు పచ్చగా పరుచుకున్నాయి. కిందినుంచి మారెక్క, “వచ్చెనా పాపా?” అని అడిగింది.

టాబ్లెట్ చెడిపోయి వచ్చిన ఎర్రర్ కాదిది. నాలుగు రోజులుగా ఆ టాబ్లెట్ ఒక్కటే నిజం చెబుతోంది, ‘అవతల ఉన్నది మన మనిషి కాదు’ అని. అందరూ కలిసి దాని నోరు మూయించాలని చూస్తున్నారు. ఏడాది క్రితం అభిలాష్ ఒక్క లైనుతో ఆ పని చేశాడు కూడా.

ఆమె బండ మీదే కూర్చుని టాబ్లెట్‌లో దాగి ఉన్న పాత వేళలనూ, సర్వరుకు అందిన వేళలనూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. మారెక్క గురప్ప వాల్వును వంతు నిండాకే మూసింది. సర్వరుకు మాత్రం ఆ మాట ముందుగానే అందింది. చివరి పొలాలన్నిటికీ అంతే. ఎర్రన్న పొలాలకు తిరగేసి ఉంది, మారెక్క మూసినా సర్వరుకు ఆలస్యంగా అందింది. మధ్యలో ఎవరో కూర్చుని ఆమె పేరు మీద మాట మార్చి పంపుతున్నారు.

*

ఎర్రన్న ఇల్లు ఊరి మొగదల. కొత్త మేడ, పైన నెట్ కోసం నిలబెట్టిన ఇనుప కమ్మీ. ఎర్రన్న కొడుకు చైతన్య ఇంజనీరింగ్ అయిపోయి ఇంటిపట్టునే ఉన్నాడు. నెట్ చూడాలంటే సంతోషంగా మేడమీదికి తీసుకుపోయాడు. రూటర్ పక్కనే ఇంకో చిన్న నల్లపెట్టె లైటు వెలుగుతూ ఉంది.

“ఇదేంది?” అంది జయంతి.

“నెట్ పోతే టాబ్లెట్ ఆగిపోకూడదని నేనే పెట్టినా. మన సర్వర్ మాదిరే పలుకుతాది. నెట్ వచ్చినాక మాట ముందుకు పంపుతాది. మంచి ఐడియా కదా?”

“పంపేటప్పుడు వేళలు మారుస్తాందా?”

చైతన్య ముఖంలో నవ్వు అట్లాగే ఉండిపోయింది, రంగు మాత్రం పోయింది. “నాయనను అడుగు,” అని గబగబా మెట్లు దిగాడు.

ఎర్రన్న అరిచే మనిషి కాదు. కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు, ఆమెది ఏ ఊరో, తండ్రి ఏం చేస్తాడో అడిగాడు. గొర్రెలు మేపుతాడని చెబితే మంచిదే అన్నట్టు తలూపాడు. అంతలో ఆమె ఫోన్ మోగింది. అభిలాష్. ఎర్రన్న అప్పటికే అతనితో మాట్లాడినట్టున్నాడు.

“జయంతీ, పెద్దది చేయద్దు. ఈ సంఘం పోతే చుట్టుపక్కల ఊర్లన్నీ పోతాయి మనకు. ఆ లైను మళ్లీ పెట్టు. పాత లైబ్రరీతో టాబ్లెట్‌లో ఎక్కించు. కారణం తేదీ అని చెప్పు. నీ ఉద్యోగం కూడా ఈ లెక్కలోనే ఉండాదని గుర్తుపెట్టుకో.”

ఫోన్ పెట్టేశాక ఎర్రన్న మెల్లగా అన్నాడు. “సూడమ్మా. పిల్లోడు తెలియక ఏదో చేసినాడు. దాన్ని తీసి పారేయిస్తా. మారెక్కను కూడా తీసేయను. తేదీ మార్చింది నిజమే కదా? రేపు మీటింగులో నువ్వు ఆ ఒక్కమాట చెప్పు, ఆమె ఒప్పుకుంటాది, నేను పోనీలే అంటా. అందరికీ మంచిది.”

“ఆమె ఒప్పుకోదు.”

“పోయి అడుగు.”

జయంతి అడిగింది. షెడ్డు దగ్గర అన్నీ విడమర్చి చెప్పింది. కార్డు సంగతి, నల్లపెట్టె సంగతి, మారిన వేళల సంగతి. మారెక్క మధ్యలో ఒక్క ప్రశ్నా వేయకుండా వింది.

“తేదీ నేను మార్చినా అని చెప్తే పని ఉంచుతాడంటనా?”

“అన్నాడు. కానీ అక్కా...”

“అట్లే చెప్పు పాపా. నేను మార్చింది నిజమే కదా. నాకు ఈ పని లేకుంటే మళ్ళా బెంగళూరు పోయి ఇటుకలు మోయాల. పిల్లోల్లను ఎవరి దగ్గర ఇడిసేది? నువ్వు సాయంత్రం బస్సుకు పోతావు. నేను ఈడనే ఉండాల, ఆయన నీళ్లే తాగాల.”

జయంతికి కోపం వచ్చింది. ఎవరి మీదో వెంటనే తెలియలేదు. మారెక్క మీద వచ్చిందని తెలిశాక సిగ్గుపడింది. సాయంత్రం మారెక్క పోయి ఎర్రన్నకు సరేనని చెప్పి వచ్చింది. జయంతి ఆ రాత్రి ఊళ్లోనే మారెక్క ఇంట్లో పడుకుంది. అభిలాష్ చెప్పిన లైను ప్రోగ్రాంలో పెట్టలేదు. పెట్టనని కూడా అతనికి చెప్పలేదు.

*

గురువారం పొద్దున మీటింగు ఆనవాయితీ ప్రకారం షెడ్డు ముందే జరిగింది. రైతులు బండల మీదా గట్ల మీదా కూర్చున్నారు. ఎర్రన్నకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. చైతన్య తండ్రి వెనక నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. మారెక్క టాబ్లెట్‌ను ఒళ్లో పెట్టుకుని కింద కూర్చుంది. జయంతి ఆమె పక్కనే నిలబడింది. ఏం చెప్పాలో ఆమెకు ఇంకా తేలలేదు. నిజం చెబితే మారెక్క పని పోతుంది, అబద్ధం చెబితే ఉంటుంది. ఇంత దిక్కుమాలిన లెక్క ఆమెకు ఏ ప్రోగ్రాంలోనూ ఎదురుకాలేదు.

“ఆఫీసు నుంచి వచ్చిన పాప చెప్తాది,” అన్నాడు ఎర్రన్న.

“మారెక్క టాబ్లెట్‌లో తేదీ మార్చింది నిజమే,” అంది జయంతి. అది నిజమే కాబట్టి నోరు పెగిలింది. తరువాతి వాక్యం రాలేదు.

ఎర్రన్న దానికోసం ఆగలేదు. “ఇన్నారు కదా. అమావాస్య అని మనమే ఆమెను తొందరపెట్టినాం. తేదీ మార్చింది, మిషను సెడింది. సదువు లేని మనిషి, తెలియక చేసింది. సంఘం తరపున నేను క్షమిస్తాండా. ఆమె పని ఆమెకే ఉంటాది. ఇంక ఎవరూ ఈ మాట ఎత్తద్దు.”

జనంలో గొణుగుడు లేచింది. గురప్ప లేచి నిలబడ్డాడు. “మరి నా నీళ్లు? ఏడాదంతా నా వంతు కోసింది, దాని సంగతేంది?”

“అదీ క్షమించినట్టే లే గురప్పా,” అన్నాడు ఎర్రన్న చెయ్యి ఊపి. “పేదముండ. పోనీ.”

మారెక్క లేచింది. టాబ్లెట్ ఒళ్లోంచి జారి కింద పడబోతే జయంతి పట్టుకుంది.

“ఎర్రన్నా, ఆగు. నువ్వు ఏందేందో క్షమిస్తాండావు.” అని అతని కుర్చీ ముందుకు వచ్చింది. “తేదీ మార్చినా. ఒప్పుకుంటా అన్నా. దానికి తిట్టు, కొట్టు. నీళ్లు యాడ కోసినా నేను? ఏడాదిగా వీళ్లంతా నన్ను దొంగ అంటాంటే పడినా. నా బిడ్డలను బడికాడ దొంగ పిల్లోల్లని పిలిస్తే పడినా. నా చేతిలోనే ఏమో తప్పుండాదని నేనే అనుకున్నా. చేయంది క్షమించేదానికి నువ్వెవరు? పాపా, సూపియ్యి.”

“మారెక్కా, నిన్న ఏమనుకున్నాం?” అన్నాడు ఎర్రన్న.

“నిన్న అనుకున్నది తేదీ గురించి. సూపియ్యి పాపా.”

జయంతికి ఇంక తడబాటు లేదు. టాబ్లెట్ ఎత్తి పట్టుకుని గురప్పను దగ్గరికి రమ్మంది. ఎర్రన్న ఇంటి నెట్‌కు తగిలించింది. ఎర్రపట్టీ. “ఈ దారిన పోతే సర్వరు మాదిరి ఇంకొకరు పలుకుతాండారు. అందుకే ఇది మాట్లాడనంటాంది,” అంది. తన ఫోన్ నెట్‌కు తగిలించింది. పచ్చగా వచ్చింది. “ఇది అసలు సర్వరు. మారెక్క మూసిన వేళ ఇది. సర్వరుకు అందిన వేళ ఇది. ఇప్పుడు ఎర్రన్న చేను సూడు.”

గురప్ప చదువుకున్నవాడు కాదు గానీ గడియారం తెలుసు. రెండు వేళలనూ పెదాలు కదుపుతూ చదివాడు. తరువాత ఎర్రన్న చేనువీ చదివాడు. వెనకనుంచి ఇంకో ఇద్దరు వంగి చూశారు. అందరి కళ్లూ ఒక్కసారి చైతన్య మీదికి పోయాయి. అతను ఫోన్ జేబులో పెట్టుకుని ఇంటి దారి పట్టాడు.

ఎర్రన్న కుర్చీలోంచి లేచాడు. “పెద్ద బోరు నా చేలో ఉండాదని మర్చిపోతాండారు మీరంతా,” అన్నాడు.

అది బెదిరింపే, అందరికీ అర్థమైంది. గాలికి దుమ్ము లేచి మీదపడినా ఎవరూ కదల్లేదు.

“పైపులైను మా చేలల్లో ఉండాది ఎర్రన్నా,” అన్నాడు గురప్ప చివరికి. గట్టిగా అనలేదు. అని మారెక్క వైపు తిరిగాడు. ఆమె ముఖంలోకి చూడలేక ఆమె చేతుల వైపు చూశాడు. “అక్కా, వంతు ఎవరిదిప్పుడు?”

మారెక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఆదివారం ఆగింది నీదే. పో, పైపులు సరిజేసుకో.”

గురప్ప గట్టు మీద పరుగు తీశాడు. మారెక్క అతని పొలం పేరు నొక్కింది. చక్రం తిరగసాగింది. సిగ్నల్ సరిగా లేక అది తిరుగుతూనే ఉంది. జయంతి ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని బండ మీదికి ఎక్కింది. ఎర్రన్న దూరంగా నిలబడి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడి పెట్టేశాడు. ఆ వెంటనే జయంతి ఫోన్ మోగడం మొదలైంది. స్క్రీన్ మీద అభిలాష్ పేరు.

“ఎవరు పాపా?”

“ఆఫీసు.”

“ఎత్తు మరి. మీ సార్ కదా.”

“ఎత్తితే నెట్ ఆగిపోతాదక్కా,” అంది జయంతి, కాల్ కట్ చేస్తూ.

మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేసింది. చక్రం ఆగి గురప్ప పేరు పచ్చబడింది. కాసేపటికి పైపులైను చివర స్ప్రింక్లర్లు దగ్గినట్టు దగ్గి, బుసకొట్టి తిరగడం మొదలుపెట్టాయి. చేలోంచి గురప్ప కేక వినిపించింది.

“వచ్చినాయ్, మారెక్కా!”

మారెక్క వంతు మొదలైన వేళ చూసుకుని షెడ్డు గడప మీద కూర్చుంది.